దగ్గరి ఆసుపత్రి, దీర్ఘ వైద్యం

"ఇక ఈ తాగుడు మానిపించాల్సిందే" అని ఇల్లంతా ఒక్క మాట మీదికి వచ్చిన రోజున వెంటనే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎక్కడికి తీసుకుపోవాలి? ఎంతవుతుంది? ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మొదలుకొని భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు అడవుల దాకా ఈ ప్రశ్నలకు సాధారణంగా రెండే జవాబులు వినపడతాయి. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదో ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ పేరు చెబుతారు. లేనివాళ్లను ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారట, అక్కడికి పొమ్మంటారు. మొదటి దారిలో పొలమో పుస్తెలతాడో తాకట్టుకు పోతుంది. రెండో దారిలో ఏం పోస్తున్నారో పోసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ రెండూ కాక మూడో దారి ఉంది. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే వైద్యం. ఒకే బోర్డు కింద, ఒకే భవనంలో కనపడదు కాబట్టి అది లేదనే అనుకుంటాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే: వ్యసనానికి మేలైన వైద్యం దగ్గరలో దొరకాలి, ఏళ్ల తరబడి తెగకుండా సాగాలి. మన ప్రాంతంలో కూలి చేసుకు బతికే కుటుంబం అలా సాగించగలిగేది సర్కారు ఆసుపత్రిని పట్టుకునే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అంకెల్లో చూడండి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతటా సర్వే జరిపి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల లోపువాళ్లలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారనీ, సుమారు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల వచ్చిన సమస్యలకు సాయం అవసరమనీ తేల్చింది. మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక వైద్యం అందుకున్నవాళ్లు 38 మందిలో ఒక్కరే. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. అంటే పడక దొరికితేనే వైద్యం అని కూర్చుంటే మిగతా 179 మందిని వాళ్ల ఖర్మకు వదిలేసినట్టే. దేశంలో అన్ని పడకలు ఇప్పట్లో రావు, అందరికీ పడక అవసరమూ లేదు. చాలామందికి కావలసింది ఓపీ చీటీ, మందులు, మాట్లాడే మనిషి, మళ్లీ రావలసిన తేదీ.

వైద్యశాస్త్రం చెప్పేదీ ఇదే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2000లో మెక్‌లెలన్ బృందం రాసిన వ్యాసం వ్యసనాన్ని బీపీ, షుగరు, ఆస్తమాలతో పక్కపక్కన పెట్టి చూసింది. వ్యసనానికి వైద్యం పొందినవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలోగా మళ్లీ మొదలుపెడతారు. మందులు వేసుకోవడం, పథ్యం పాటించడం తప్పి బీపీ, ఆస్తమా ముదిరేవాళ్ల లెక్క కూడా ఇంచుమించు అంతే, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. బీపీ రోగిని నెల రోజులు ఆసుపత్రిలో ఉంచి "నయమైంది, ఇక మందులక్కర్లేదు" అని ఏ డాక్టరూ పంపడు. కానీ తాగుడు విషయంలో మనం అదే ఆశిస్తాం. నెల తిరిగి వచ్చాక మళ్లీ తాగితే డబ్బు దండగ అని తిట్టుకుని వైద్యాన్నే వదిలేస్తాం. నెల వైద్యానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టిన కుటుంబానికి రెండో నెలకు బస్సు చార్జీ కూడా మిగలదు. వైద్యం విఫలమయ్యేది చాలాసార్లు ఆ రెండో నెలలోనే.

చట్టం కూడా మీ పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. దాని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం ప్రతి పౌరుడి హక్కు. వైద్యం కోసం ఎవరూ దూరప్రయాణం చేయాల్సిన అగత్యం ఉండకూడదనీ, కనీస సేవలు ప్రతి జిల్లాలో ఉండాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, చేతిలో కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే చోట్ల వైద్యం పూర్తిగా ఉచితం. సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ కుటుంబాలకు ఈ "కార్డు ఉన్నా లేకపోయినా" అన్న మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ముందు ప్రాణం

వైద్యం ఎక్కడ అన్న ప్రశ్నకన్నా ముందు ఒక ప్రమాదం గురించి తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగుతూ, పొద్దున్నే చుక్క పడనిదే చేతులు వణికే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరి గుక్క తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనపడతాయి, పగలో రాత్రో తెలియదు, జ్వరం వస్తుంది. దాన్ని దయ్యం పట్టిందనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతే విలువైన గంటలు పోతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీతో గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోవడం ఇంకో పొరపాటు. తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. ఆసుపత్రిలో ముందు థయమిన్ ఇస్తారు. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందుల్లో ఒకదాన్ని మొదలుపెట్టి కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. ఇవన్నీ పాత మందులు, చవక మందులు. ప్రాణం నిలబెట్టే వైద్యం ఖరీదైనది కాదు. అయితే అది డాక్టరు చేతి మీదుగానే జరగాలి.

ఇది తెలియక ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు పరుగెత్తారు. ఆ కల్లులో కలిపే ఆల్‌ప్రజోలమ్ అకస్మాత్తుగా ఆగిపోయినందువల్ల వచ్చిన తిప్పలవి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అలాంటివాళ్లే బారులు తీరారు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం, గుడిలో ఒట్టు వేయించి ఆ పూటే ఆపించడం అందుకే ప్రమాదం. ఫిట్స్ వచ్చినా, మాట తడబడుతూ మతి తప్పినా 108కి ఫోన్ చేసి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడమే మొదటి పని. తాగుడు మానిపించే ప్రత్యేక సెంటర్ ఎక్కడుందో అప్పుడు వెతకకండి.

ఎక్కడ ఏం దొరుకుతుంది

ఇక వైద్యాన్ని మెట్లుగా చూద్దాం. మొదటి మెట్టు ఫోన్. మాదకద్రవ్యాల వ్యసనానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలన్నింటికీ పగలూ రాత్రీ పలికే టెలీ-మానస్ నంబరు 14416; ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ చేసినప్పుడు బాధంతా వెళ్లబోసుకోవడంతో ఆగిపోకుండా నాలుగు సంగతులు సూటిగా అడగండి. మా జిల్లాలో, పక్క జిల్లాల్లో ప్రభుత్వ నిధులతో నడిచే పునరావాస కేంద్రం ఏది? ప్రభుత్వాసుపత్రిలో వ్యసన చికిత్స విభాగం ఎక్కడుంది? ఏ రోజు ఓపీ ఉంటుంది? ఏ కాగితాలు తీసుకురావాలి? జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అడిగిన తేదీ కూడా వేయండి, ఎందుకంటే ఈ కేంద్రాల జాబితా మారుతుంటుంది.

రెండో మెట్టు దగ్గరి ఆసుపత్రి. అడవి అంచున ఉన్నవాళ్లకు అది భద్రాచలం ఏరియా ఆసుపత్రి. తెలంగాణ పల్లెలకే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక, కూనవరం, చింతూరు మండలాలకు, అవతల ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు గూడేలకు కూడా పెద్ద దిక్కు అదే. వణుకు, వాంతులు, ఫిట్స్ దశను దాటించడానికి మానసిక వైద్యుడే ఉండాలన్న నియమం లేదు. జనరల్ మెడిసిన్ డాక్టరు చేయగలడు. ఆ దశ దాటాక మూడో మెట్టు మెడికల్ కాలేజీ ఆసుపత్రి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. భద్రాచలం నుంచి కొత్తగూడెం ఇంచుమించు 40 కిలోమీటర్లు, ఖమ్మం 120, హైదరాబాద్ 300 పైచిలుకు. నెలకోసారి వెళ్లాల్సిన మనిషికి ఈ మూడు దూరాల మధ్య తేడాయే వైద్యం సాగుతుందా ఆగుతుందా అన్నది తేల్చేస్తుంది. సింగరేణి కార్మికులు, వాళ్ల కుటుంబాలు ముందుగా కంపెనీ ఆసుపత్రిలోనే అడగాలి. మానసిక జబ్బు కూడా ముదిరినవాళ్లకు, ఇక్కడ అదుపులోకి రానివాళ్లకు పై మెట్టు ఎర్రగడ్డ. ఇక్కడి డాక్టరు రెఫరల్ చీటీతో వెళితే పని సులువవుతుంది.

నాలుగో మెట్టు ఉండి వైద్యం చేయించుకునే చోటు. స్వచ్ఛంద సంస్థలు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో సమగ్ర పునరావాస కేంద్రాలు నడుపుతాయి. ఇలాంటివి లేని జిల్లాల కోసం జిల్లా డీ-అడిక్షన్ కేంద్రాల పథకం కూడా ఉంది. ఇంట్లో తాగేవాళ్లు మరొకరు ఉన్నా, ఇంటి చుట్టూ బెల్టు షాపులే ఉన్నా, ఓపీ వైద్యం రెండుసార్లు తెగిపోయినా ఇక్కడ చేర్చడంలో అర్థముంది. చేర్చేముందు సంస్థకు మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు ఎన్ని రోజులకోసారి వస్తాడు, ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చా అని అడగండి. 2017 చట్టం మనిషిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. కొట్టి మాన్పిస్తామనే చోటు, ఇంటివాళ్లను లోపలికి రానివ్వని చోటు ఎంత చవకగా దొరికినా వద్దు.

సందేహాలకు జవాబులు

"సర్కారు దవాఖానలో పట్టించుకునేదెవరు?" అన్నది మొదటి సందేహం, న్యాయమైన సందేహం. రద్దీ ఉంటుంది. డాక్టరుకు ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలను వాడుకోవడానికి మీరు సిద్ధపడి వెళ్లాలి. ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకు ఎంత, ఇప్పసారానా, గుడుంబానా, కల్లా, షాపు మందా, గంజాయి కూడా ఉందా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, మునుపు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కామెర్లు అయ్యాయా, వేరే ఏ మందులు వాడుతున్నాడు అన్నవి కాగితం మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వండి. ఇక కౌన్సెలింగ్ అంటారా, అది పెద్ద డిగ్రీలున్నవాళ్లే చేయాలని లేదు. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగి 2017 లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, శిక్షణ పొందిన మామూలు మనుషులే తాగుడు హద్దు మీరిన మగవాళ్లతో కొద్దిసార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత వాళ్లలో 36 శాతం మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. ఆ మాటసాయం అందనివాళ్లలో 26 శాతమే. పూర్తిగా బానిసలైనవాళ్ల మీద చేసిన అధ్యయనం కాదది. వాళ్లకు మందులు తప్పవు. కానీ వ్యసనం ముదరకముందే పల్లె దవాఖానలో, ఆశా కార్యకర్త ముందు ఈ సంగతి విప్పి మాట్లాడితే ఎంత మేలో అది చూపింది. గూడెంలో కోయభాష వచ్చిన ఆశా కార్యకర్త చెప్పే మాట పట్నం నిపుణుడి తెలుగుకన్నా లోతుగా దిగుతుంది.

"ఊరికే వచ్చే వైద్యానికి విలువుండదు, డబ్బు పెడితేనే బుద్ధి వస్తుంది" అనేవాళ్లున్నారు. దీనికి ఎదురు సాక్ష్యం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో పుట్టిన ఈ సంఘంలో సభ్యత్వానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. 2020లో కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10 వేలకు పైగా రోగుల వివరాలను పరిశీలించి, ఈ సంఘంతో ముడిపెట్టిన చికిత్స పూర్తిగా మానేయించడంలో ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదనీ, చాలాచోట్ల మెరుగనీ తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లోనూ దాని సమావేశాలు జరుగుతాయి. మీకు దగ్గరలో ఎక్కడో హెల్ప్‌లైన్‌లోనే అడగండి. మనిషిని నిలబెట్టింది అతను కట్టిన ఫీజు కాదు. వారం వారం వెళ్లి తనలాంటివాళ్ల మధ్య కూర్చోవడమే నిలబెట్టింది.

"మా ఆయన రానంటే?" ఇది ఎక్కువమంది ఇల్లాళ్లు అడిగే ప్రశ్న. తెలియకుండా కూరలో డైసల్ఫిరామ్ మాత్ర కలిపి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎన్నడూ ఆ పని చేయకండి. ఆ మందు మీద మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మందు అది. బతిమాలడం, తిట్టడం, పదిమందిలో నిలదీయడం కన్నా పనిచేసే పద్ధతి వేరే ఉంది. 1999లో అమెరికాలో మిల్లర్, మేయర్స్ బృందం వైద్యానికి ససేమిరా అన్న తాగుబోతుల కుటుంబాలను మూడు పద్ధతుల్లో తర్ఫీదు చేసి చూసింది. తాగని పూట ఆప్యాయంగా ఉండడం, తాగిన పూట అతని తప్పులను కప్పిపుచ్చకుండా, గొడవపడకుండా పక్కకు తప్పుకోవడం, మనసు మెత్తబడిన ఘడియలో వైద్యం మాట ఎత్తడం నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తమవాళ్లను వైద్యానికి తేగలిగారు. అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో 30 శాతం, తమ మనశ్శాంతి చూసుకుంటూ దూరం జరిగే పద్ధతిలో 13 శాతం మాత్రమే తేగలిగారు. కనుక ముందు ఓపీకి మీరే వెళ్లి మాట్లాడండి, 14416కు మీరే ఫోన్ చేయండి. వైద్యం మీతో మొదలైనా తప్పులేదు. తాగేది ఆయన కాక అత్తమ్మో, అక్కో అయినా దారి ఇదే. ఆడవాళ్ల తాగుడును దాచిపెట్టడం వల్లే వాళ్లకు వైద్యం ఇంకా ఆలస్యమవుతోంది.

"గంజాయి అని తెలిస్తే పోలీసులు పట్టుకుపోరా?" మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చే గంజాయి భద్రాచలం మీదుగా పోతుంటే చెక్‌పోస్టుల్లో పట్టుబడడం తరచూ వింటూనే ఉంటాం, కాబట్టి ఈ భయం సహజం. అమ్మకం వేరు, వాడకం వేరు. 1985 మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. కొద్ది మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు పొందిన సంస్థలో వైద్యానికి చేరి పూర్తిచేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. డాక్టరుకు చెప్పిన సంగతులకు 2017 చట్టం గోప్యత హక్కు ఇచ్చింది. నలుగురికీ తెలిసి పరువు పోతుందని భయపడేవాళ్లకూ ఇదే జవాబు.

"పండక్కి ఇప్పసారా, జీలుగు కల్లు మా ఆచారం, దాన్నీ మానమంటారా?" ఈ అధ్యాయం ఎవరి ఆచారం మీదా తీర్పు చెప్పడం లేదు. పండక్కి తాగే ఊరంతా రోగులు కారు. పొద్దున్నే వణికే మనిషి మాత్రం రోగే, అతనికి పండగ చుక్క కూడా ప్రమాదమే. అతన్ని బలవంతపెట్టకపోవడం ఊరు చేయగల మొదటి సాయం. ఊరికి అధికారం కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకో తగిన స్థాయి పంచాయతీకో ఉండేలా చూడాలని 1996 పెసా చట్టం చెప్పింది. అయితే షాపు మూయించడం వైద్యం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని 1995 మద్యనిషేధం దాకా నడిపింది. 1997కల్లా ఆ నిషేధం సడలిపోయింది. ఉద్యమం గొప్పది. కానీ అప్పటికే బానిసలైనవాళ్లకు ఊరూరా వైద్యం అందకపోతే మూసిన తలుపు ఎక్కువ రోజులు మూసి ఉండదు. బెల్టు షాపు వద్దని తీర్మానం చేసే గ్రామసభ, మా పీహెచ్‌సీలో నెలకోసారి మానసిక వైద్యుడి ఓపీ పెట్టండని కూడా తీర్మానించి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, జిల్లా వైద్యాధికారికి పంపాలి. ఇంటి దగ్గరే వైద్యం అడగడం దయ కోరడం కాదు. 18వ సెక్షన్‌ను అమలు చేయమనడం.

ఇవన్నీ విన్నాక మొదటి నెలకు పెట్టుకోవలసిన లెక్క చెబుతాను. ప్రైవేటు సెంటర్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంత పక్కన పెట్టి, దాన్ని ఏడాదికి సరిపడా బస్సు చార్జీలుగా, ఓపీ రోజుల్లో పోయే కూలీగా లెక్కగట్టండి. ఆధార్ ఉంటే తీసుకుపొండి, లేకపోయినా ఆగకండి. మందులు ఆసుపత్రి ఫార్మసీలోనే అడిగి తీసుకోండి. మాన్పించిన తర్వాత కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు మనవాడికి తగునా అని డాక్టరును మీరే అడగండి. ఓపీ గది నుంచి బయటికి వచ్చేముందు చీటీ మీద మళ్లీ రావలసిన తేదీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వెనక్కి వెళ్లి రాయించుకోండి. మధ్యలో ఒకసారి తాగినా సరే, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా ఆ తేదీకి వెళ్లాలి, తాగిన సంగతి చెప్పాలి. ఎన్ని రోజులు తాగలేదన్న లెక్కతో పాటు ఎన్ని తేదీలు తప్పకుండా వెళ్లామన్న లెక్క కూడా పెట్టండి. మొదటిది మీ చేతుల్లో పూర్తిగా ఉండదు. రెండోది ఉంటుంది, మొదటిదాన్ని నిలబెట్టేదీ అదే.